సెల్లు సాక్ష్యం చెల్లదు

మావారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన మంచివారు. తాగరు, పేకాడరు, గొంతెత్తి ఒక మాట అనరు. మంచివాళ్ళ మీద ఫిర్యాదు చేస్తే మనకే చెడ్డపేరు కనక ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను. ఆయనతో వచ్చిన చిక్కల్లా, ఏ వస్తువైనా ఇంకో రెండింటితో పోల్చకుండా చేత్తో ముట్టుకోరు. వంకాయలు తెమ్మని పంపితే మూడు బళ్ళ దగ్గర మూడు రకాల వంకాయల గుణగణాలు విచారించి, ఖాళీ సంచీతో తిరిగొస్తారు. పెళ్ళికి కూడా ముగ్గురిని చూశారు. ఒకావిడ మరీ పొడుగైంది, ఒకావిడ ఆయన్నే వద్దంది. ఇక మిగిలింది నేనొక్కదాన్ని. దాన్ని ఆయన ఇప్పటికీ "అన్ని విధాలా పరిశీలించి తీసుకున్న నిర్ణయం" అని నలుగురిలో చెప్పుకుంటారు.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే కర్మ అంటారు. కాలేజీలో ఉంటే కన్వీనరు అంటారు.

మావారు సత్యావతారం గారు మా ఊరి ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ప్రొఫెసరు. నిరుడు ఆ కాలేజీకి ఎక్కణ్ణుంచో తనిఖీ బృందం వచ్చింది. అందులో ఒకాయన పాఠం చెప్పే బోర్డు మీద వేలు పెట్టి, దీనికి ఆకుపచ్చ రంగే ఎందుకు వేశారు, ఆధారం చూపండి అన్నాడట. ప్రిన్సిపాలు దక్షిణామూర్తి గారి దగ్గర ఆధారం లేదు. కాలేజీకి ఒక మెట్టు తగ్గించి వెళ్ళిపోయారు. ఆ అవమానం ప్రిన్సిపాలు గారి మనసులో నాటుకుంది. మర్నాడే ఉత్తర్వు వెలువడింది: "ఇకపై ఈ ప్రాంగణంలో ఎవరూ ఏదీ ఎంచుకోరాదు. ఎంపిక అనునది ప్రక్రియ నుండి తనంతట తానుగా వెలువడవలెను."

అప్పట్నుంచి ఆ కాలేజీలో ప్రతి వస్తువు వెనకా మూడు ప్రత్యామ్నాయాల పట్టిక వేలాడుతుంది. క్యాంటీన్‌లో ఉప్మా వెనక కూడా ఉంది. ప్రత్యామ్నాయాలు: ఉప్మా, గట్టి ఉప్మా, నిన్నటి ఉప్మా.

విద్యార్థుల ప్రాజెక్టుల కోసం "పరికరాల అనురూపతా నిర్ధారణ సంఘం" అని ఒకటి పెట్టి, దానికి మావారిని కన్వీనరును చేశారు. ఆయనకు అది ఉద్యోగంలా అనిపించలేదు. ఇన్నాళ్ళకు ఎవరో తన భాష మాట్లాడినట్టనిపించింది.

ఇక్కడ మా అత్తగారి సంగతి చెప్పాలి. సుభద్రమ్మ గారికి డెబ్భై దాటాయి. చేతులకు ఇంకా వణుకు రాలేదు, చెవులు మాత్రం ముందు సెలవు తీసుకున్నాయి. చెవి మిషను కొనిస్తే, దాంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడ్డంలేదని తీసి పోపులపెట్టెలో పెట్టేశారు. నిరుడు వేసవిలో ఆవిడ కుక్కర్లో కందిపప్పు పెట్టారు. మా ఇంట్లో పప్పుకి మూడు కూతలు. అది ఎన్ని కూసిందో ఆవిడకు తెలియలేదు, నేను మేడమీద బట్టలారేస్తున్నాను. కిందికి వచ్చేసరికి సేఫ్టీ వాల్వ్ ఎగిరిపోయి, పప్పు వంటింటి కప్పుకు అంటుకుని, బొట్లు బొట్లుగా నేలకు దిగుతోంది. అత్తగారు గరిటె పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మావారు ఆ సాయంత్రమే తీర్పు చెప్పేశారు: అమ్మ ఇక స్టవ్ ముట్టుకోకూడదు.

అత్తగారు వాదించలేదు. వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, నా వంటకు వ్యాఖ్యానం చెప్పడం మొదలెట్టారు. "ఇంగువ ముందెయ్యి." "అదేం పోపు, ఏడుస్తోంది." ఒకరోజు మాత్రం వ్యాఖ్యానం ఆపేసి, తనలో తాను అనుకున్నట్టుగా, చెవుడున్నవాళ్ళు అనుకునేంత గట్టిగా అన్నారు:

"పొయ్యి దగ్గర చోటు లేనప్పుడు ఈ ఇంట్లో నేను చుట్టాన్నేగా అమ్మాయ్."

అది మా అమ్మాయి ఉత్పల విన్నది. ఉత్పల అదే కాలేజీలో ఆఖరి సంవత్సరం, తండ్రి శాఖలోనే. ప్రాజెక్టుగా చేతికి కట్టుకునే ఒక బిళ్ళ తయారుచేసింది. గడియారం కన్నా కాస్త లావు. గట్టి చప్పుడు వినగానే మణికట్టు మీద జిర్రుమంటుంది. మూడు చప్పుళ్ళయ్యాక ఆగకుండా జిర్రుమంటూనే ఉంటుంది, స్టవ్ కట్టమని. ఒకటే లోపం. కుక్కరు కూతకీ, మావారు ఫోన్లో మాట్లాడినప్పటి గొంతుకీ అది తేడా పట్టలేకపోయింది. ఆయన మామూలుగా గొంతెత్తరని చెప్పాను కదా, ఫోనును మాత్రం దూరవాణి అని అక్షరాలా నమ్ముతారు. దాన్ని సరిచేస్తానంది ఉత్పల. వద్దన్నాను. ఎప్పుడైనా పనికొస్తుందనిపించింది.

మావారు బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి, బావుందన్నారు. కాలేజీ దీనికి ధ్రువపత్రం ఇచ్చిన రోజున అమ్మ స్టవ్ వెలిగించుకోవచ్చన్నారు. ఆ మాట కాగితం మీద రాసి అత్తగారికి చూపించాను. ఆవిడ ఆ కాగితం మడిచి బొడ్డులో దోపుకున్నారు.

బిళ్ళలో రెండు సన్న సెల్లులుంటాయి. గోడ గడియారంలో వేసేవాటికన్నా సన్నవి, మళ్ళీ మళ్ళీ ఛార్జింగు చేసుకునేవి. వాటికి ఉత్పల బజార్లో ఎలక్ట్రికల్ షాపు నుంచి అరచేతిలో పట్టే ఛార్జరు ఒకటి తెచ్చింది. నివేదికలో దాని గురించి మూడే వాక్యాలు రాసింది. ఈ సెల్లులు ఫలానా రకం. ఎనభై మిల్లీ యాంపియర్లతో పదహారు గంటలు ఛార్జింగు చెయ్యమని వాటి మీదే రాసి ఉంది. ఈ ఛార్జరు ఆ రకానికే చేసింది, అంతే మెల్లగా ఎక్కిస్తుంది, నిండగానే తనంతట తానే ఆగుతుంది.

నాది బీయస్సీ ఫిజిక్సు. పెళ్ళయ్యాక దాన్ని ఎక్కువగా ఇడ్లీపిండి మీదే వాడాను. ఆ మూడు వాక్యాలూ చదివితే నాకు పిండే గుర్తొచ్చింది. రాత్రంతా పులవాల్సిన పిండిని తొందరగా పులవమని పొయ్యి మీద పెడితే అది పులవదు, ఉడుకుతుంది. ఇంత చిన్న విషయానికి సంఘం ఏం పని చేస్తుందా అనుకున్నాను. సంఘాల గురించి నాకు అప్పటికి ఏమీ తెలియదు.

నివేదిక తిరిగొచ్చింది. మొదటి అభ్యంతరం, ఛార్జరుకు ప్రత్యామ్నాయాలు పరిశీలించలేదని. రెండోది సెల్లు మీది రాత గురించి: "సెల్లు అనునది సదరు ఛార్జింగునకు ప్రత్యక్ష లబ్ధిదారు. లబ్ధిదారు తన అవసరమును గురించి తానే చేసుకొను ప్రకటన సాక్ష్యముగా చెల్లదు."

కింద సంతకం మావారిది. ఆ పూట భోజనం దగ్గర కూతురు అడిగింది.

"నాన్నా, దాని మీదే రాసుందిగా."

"దాని మీద అది రాసుకుంటే ఎలా చెల్లుతుందమ్మా? నేను మంచివాణ్ణని నా చొక్కా మీద నేనే రాసుకు తిరిగితే ఊరుకుంటారా?"

"మీకు తెలీదా, మీరు పాఠం చెప్పేదే అది."

మావారు పప్పు కలుపుకుంటూ అన్నారు.

"ప్రొఫెసరుగా నాకు తెలుసు. కన్వీనరుగా నాకు తెలియకూడదు."

నేను పప్పు ఇంకాస్త వడ్డిస్తూ, అయితే ఆ రాతను ఎవరైనా గెజిటెడ్ ఆఫీసరు చేత ధ్రువీకరింపజేస్తే సరిపోతుందేమో అన్నాను. ఊరికే అన్నాను. మావారి కళ్ళు మెరిశాయి. మర్నాడు ప్రిన్సిపాలు గారు దాన్ని మహత్తర సూచనగా సభలో మెచ్చుకున్నారట. నా పేరు మాత్రం రాలేదు.

మా ఊళ్ళో చేతికందే గెజిటెడ్ ఆఫీసరు పశువుల డాక్టరు గారొక్కరే. ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లవాడి మార్కుల జాబితా మీదా ఆయన ఆకుపచ్చ సంతకం ఉంటుంది. ఉత్పల సెల్లులు పట్టుకెళ్ళింది. ఆయన ఒక గేదెకు సూది వేసి, చెయ్యి కడుక్కుని, ఇదేంటని కూడా అడక్కుండా, నకలు ఏదమ్మా అన్నారట. నకలు లేదు, అసలే ఉందంది. ఆయన రబ్బరు ముద్ర తీసి, ఆ సన్న సెల్లుని బల్ల మీద దొర్లిస్తూ చుట్టూతా నొక్కేసి, మిగిలిన సందులో సంతకం చేశారు. రెండోదానిక్కూడా.

ఇప్పుడు సెల్లు మీద ఉన్న రాతకు ధ్రువీకరణ వచ్చింది. రాతే కనపడ్డం లేదు. ముద్ర కింద పడి మాసిపోయింది.

సంఘం సెల్లుల్ని భూతద్దంతో చూసి, ధ్రువీకరణ సక్రమంగా ఉందనీ, ధ్రువీకరించబడిన విషయం ఏదీ కనపడనందున ఛార్జింగు మీద ఎలాంటి పరిమితీ లేనట్టు భావించాలనీ తీర్మానించింది.

ఇక ఛార్జరు ఎంపిక. మూడు ప్రత్యామ్నాయాలు కావాలి కనక మూడు పట్టుకొచ్చారు. ఉత్పల కొన్న చిన్న ఛార్జరు ఒకటి. ప్రిన్సిపాలు గారి ఫోను ఛార్జరు ఒకటి. మూడోది కాలేజీ బస్సుల షెడ్డులోది. పెట్టెంత ఉంటుంది, చక్రాలుంటాయి, రెండు పెద్ద దవడలున్న క్లిప్పులుంటాయి. లారీ బ్యాటరీలకు వాడతారు. మెకానిక్కు ఇంటికి వెళ్ళినప్పుడు తోసుకొచ్చారట.

ఆ సమావేశం సంగతి నాకు సంఘంలో సభ్యురాలైన ఇంగ్లీషు లెక్చరరు సువార్త గారు చెప్పారు. మా పక్కిల్లే. ఆవిడకు విషయం తెలియదు కనక పక్షపాతం ఉండదని వేశారు. మార్కులు వేగానికి, దృఢత్వానికి, బహుళార్థసాధకతకి, భవిష్యత్ సంసిద్ధతకి. చిన్న ఛార్జరుకు వేగంలో సున్నా వచ్చింది. ఒకే రకం సెల్లుకు పనికొస్తుంది కనక "సంకుచిత స్వభావం" అని రాసి అక్కడా సున్నా వేశారు. నిండగానే ఆగిపోతుందన్నదానికి "కృషిలో నిలకడ లేమి" అన్నారు. బస్సు షెడ్డు పెట్టె అన్నిట్లోనూ మొదటి స్థానం. దృఢత్వంలో ప్రిన్సిపాలు గారు స్వయంగా దాని మీద కూర్చుని చూశారు.

సువార్త గారు చెయ్యెత్తి, తెలీక అడుగుతున్నాను, అసలిది ఆ సెల్లులకు సరిపోతుందాండీ అన్నారట.

ప్రిన్సిపాలు గారు జాలిగా నవ్వి అన్నారట: "అమ్మా, సరిపోవడమన్నది వ్యక్తి వ్యక్తికీ మారే అభిప్రాయం. అందుకే మొదటి సమావేశంలోనే ఆ అంశాన్ని మార్కుల నుంచి తొలగించాం."

"మరి మన సంఘం పేరు అనురూపతా నిర్ధారణ కదండీ?"

"నిర్ధారణ మన పని. అనురూపత దాని పని."

మావారు ఆ సమావేశంలో ఏమీ మాట్లాడలేదట. మినిట్సు మాత్రం చక్కగా రాశారట.

ప్రాజెక్టుల ప్రదర్శన రోజు అత్తగారిని లబ్ధిదారుగా వేదిక మీద కూర్చోబెట్టారు. ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, బొడ్డులో ఆ మడిచిన కాగితం సర్దుకుని, చేతికి బిళ్ళ కట్టుకుని వచ్చారు. పక్కనే కరెంటు పొయ్యి, దాని మీద కుక్కరు, కుక్కర్లో పప్పు. సంఘం ఛార్జింగు చేసిన సెల్లులే బిళ్ళలో వెయ్యాలన్నది నియమం. ఆ ఛార్జింగు కూడా అందరి ఎదుటే జరగాలన్నారు, పారదర్శకత కోసం.

లారీ ఛార్జరు దవడలకు ఆ సన్న సెల్లులు చిక్కలేదు. ఏనుగు చేత ఆవగింజ ఎత్తించినట్టయింది. దానికి అప్పటికప్పుడు ఒక ఉపసంఘం వేసి, మధ్యలో ఇనుప పట్టకార్లు పెట్టి బిగించారు. పట్టకార్లు మా ఇంటివే. రెండ్రోజులుగా పొయ్యి మీద గిన్నె ఎలా దించుతున్నానో ఎవరూ అడగలేదు. మావారు ఇంకొకటి కూడా పట్టుకెళ్ళారు, నా బూరెలమూకుడు. సెల్లుల్ని ఇసక పళ్ళెంలో పెట్టి, దాని మీద మూకుడు బోర్లించి, ముందు వరస వాళ్ళని వెనక్కి జరిపించారు. అదెందుకని ప్రిన్సిపాలు గారు అడిగితే, అలంకరణ అన్నారు. ప్రొఫెసరు ఇంకా లోపల ఎక్కడో బతికే ఉన్నాడని నాకు అప్పుడే అర్థమైంది.

మీట నొక్కారు. మూకుడు కింద నించి సన్నగా బుసకొట్టినట్టు వినపడింది. తర్వాత ఈల.

"మొదటి కూత!" అని ప్రిన్సిపాలు గారు మైకులో ప్రకటించారు. చప్పట్లు.

తర్వాత ఢామ్మంది. మూకుడు జానెడు పైకి లేచి, గుడిగంటలా మోగి, మళ్ళీ అదే చోట కూర్చుంది. పొగ, ఘాటు వాసన. ముందే వెనక్కి జరిపించారు కనక ఎవరికీ ఏమీ కాలేదు. మెకానిక్కు ఎక్కణ్ణించో పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకాడు.

ఉత్పల ఇంటి దగ్గర వేరే జత ఉందనీ, తెచ్చి వేస్తాననీ అంది. ధ్రువీకరణ లేని సెల్లులు ప్రాంగణంలోకి రావడానికి వీల్లేదన్నారు. ప్రక్రియ ఆగకూడదని, సగం కాలిన సెల్లుల్నే చల్లారబెట్టి, తుడిచి, బిళ్ళలో పెట్టించారు. కుక్కరు కూసింది. బిళ్ళ కదల్లేదు. రెండు కూసింది, నాలుగు కూసింది. ఐదొందల మంది చూస్తున్నారు, పొయ్యి కట్టడానికి ఎవరికీ అధికారం లేదు, లబ్ధిదారే కట్టాలి. అత్తగారు అందరి వైపూ చూసి మర్యాదగా నవ్వుతూ కూర్చున్నారు. ఉన్నట్టుండి ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి.

"అమ్మాయ్, ఎవరిదో పప్పు అడుగంటుతోంది," అని లేచి, తనే పొయ్యి కట్టేశారు.

సాయంత్రానికి నివేదిక వచ్చింది. ఛార్జరు తన శక్తి మేరకు పనిచేసింది. సెల్లులు స్వీకరించు గుణమును కనబరచలేదు. లబ్ధిదారు ముక్కు ద్వారా సమాచారం పొందుట ప్రాజెక్టు పరిధిలోనిది కాదు. కనక ధ్రువపత్రం ఇవ్వలేము. సొంత కూతురని కూడా చూడకుండా నిష్పక్షపాతంగా వ్యవహరించినందుకు కన్వీనరు గారికి శాలువా కప్పారు.

ఆ శాలువాతోనే ఇంటికొచ్చారు మావారు. అత్తగారు బొడ్డులోంచి కాగితం తీసి, విప్పి, ఆయన ముందు పెట్టారు. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆవిడ కాగితం మళ్ళీ అదే మడతల్లో మడిచి, తన గదిలోకి వెళ్ళి పడుకున్నారు. ఆ పూట అన్నానికి రాలేదు. ఉత్పల కూడా రాలేదు. మావారు ఒక్కరే కూర్చుని, నేను వండిన చారు రెండు ముద్దలు తిని, ఇదేంటి ఇవాళ ఇలా ఉంది అన్నారు.

నాకు అనడానికి ఒకటుంది గానీ, దానికి సమయం రానిచ్చాను.

మర్నాడు ఆదివారం. పత్రిక చదువుకుంటున్న మావారు పోపు వాసన తగిలి వంటింట్లోకి వచ్చారు. స్టవ్ ముందు వాళ్ళమ్మ. చేతికి బిళ్ళ. స్టవ్ మీద కుక్కరు, అప్పుడే వెయిటు పెట్టారు. పక్క పొయ్యి మీద పులుసు మరుగుతోంది. నేను గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నాను.

ఆయన ముందు నా వైపు చూశారు.

"ఏంటిది? ధ్రువపత్రం లేదని చెప్పానా?"

"చెప్పారండి."

"మరి?"

నేను చిక్కుడుకాయ ఈనె లాగుతూ, నెల రోజులుగా జరుగుతున్నది చెప్పాను. ఉత్పల ఆ అరచేతి ఛార్జరులో రెండో జత సెల్లులు సాయంత్రం పెట్టి మర్నాడు పొద్దున తీస్తోందని. మీరు గడప దాటగానే అత్తగారు రోజూ ఆ బిళ్ళ కట్టుకునే పప్పు పెడుతున్నారని, నేను ఈ పీట మీద కూర్చుని కాపలా కాస్తున్నానని, ఇంతవరకూ ఒక్క పప్పు మాడలేదని.

"ఈ మధ్య నీ చెయ్యి తిరిగిందోయ్ అని నెల నుంచీ మెచ్చుకుంటున్నారే, ఆ చెయ్యి నాది కాదండి. నిన్న రాత్రి చారు మాత్రం నాది."

ఆయన చేతిలోని పత్రిక మడిచారు.

"మీకు ఆధారం కావాలిగా. నెల రోజులుగా తింటున్నారు. ప్రత్యామ్నాయం కూడా రుచి చూశారు నిన్న."

మావారు కుక్కరు వైపు చూశారు, బిళ్ళ వైపు చూశారు, కప్పు మీద ఎంత గీకినా పోని పాత పసుపు మరక వైపు చూశారు. కన్వీనరు ఏదో అనబోయాడు. ప్రొఫెసరు అడ్డుపడ్డట్టున్నాడు, నోరు తెరిచి మూశారు. చివరికి వాళ్ళమ్మ పక్కకు వెళ్ళి నిలబడ్డారు. ఆవిడ గరిటెతో పులుసు కలుపుతున్నారు, తలెత్తలేదు.

"నాదే తప్పమ్మా," అన్నారు మెల్లగా.

ఆవిడ కలుపుతూనే ఉన్నారు. నేను చిక్కుడుకాయల్లోంచి తలెత్తకుండా, అలా అంటే ఆవిడకు వినపడదండి అన్నాను.

"నాదే తప్పమ్మా!"

బిళ్ళ జిర్రుమంది. ఆవిడ తిరిగి చూశారు. "ఏంట్రా?"

"తప్పు నాదమ్మా! ఆ పిల్ల ఛార్జరే సరైంది!"

మళ్ళీ జిర్రుమంది. ఉత్పల గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పక్కింటి గోడ మీంచి సువార్త గారి తల కూడా లేచింది.

"ఏంటో, సరిగా చెప్పరా బాబూ," అన్నారు అత్తగారు చెవికి చెయ్యి అడ్డం పెట్టి. మామూలుగా ఆవిడ పెదాలు చూసే సగం మాటలు పట్టేస్తారని నాకు తెలుసు. మావారికి తెలియదు.

"నాదే! పొరపాటు! అమ్మా!"

ఈసారి బిళ్ళ ఆగకుండా జిర్రుమంటూనే ఉంది. అత్తగారు మణికట్టు చూసుకుని, "మూడయ్యాయి," అని తృప్తిగా స్టవ్ కట్టేశారు.

ఆ పూట పప్పు ఉడకలేదు. పంటి కింద గింజలు గింజలుగా తగుల్తూనే ఉంది. అయినా బిళ్ళ తప్పు లెక్కపెట్టిందని మా ఇంట్లో ఎవ్వరూ అనలేదు.